మామకు కొనిచ్చిన ఆసుపత్రి తెర

ఈ మధ్య నా కళ్లకు చిన్న అక్షరాలు అందడం మానేశాయి. పెద్ద మానిటర్ ఒకటి కొనుక్కోమని కళ్ల డాక్టరు చెబితే ఫోనులో వెతకడం మొదలుపెట్టాను. ఒక్కసారి వెతికామా, ఇక ఫోను మనల్ని వదలదు. కూర తిరగమోత పెడుతుంటే ఒకటి, బస్సులో కూర్చుంటే ఒకటి, తగ్గింపు ధరల మానిటర్లు చూపిస్తూనే ఉంటుంది. నిన్న వచ్చినది మాత్రం వేరు. విదేశంలో ఏదో ఆసుపత్రిలో వాడి తీసేసినదట, రంగులుండవట, ధర సగానికి సగం. నిలువుగా, సన్నగా ఉన్న ఆ తెర బొమ్మ చూడగానే నా వేలు ఆగిపోయింది. సరిగ్గా అలాంటిదే నేను పదిహేనేళ్ల కిందట కొన్నాను. నాకోసం కాదు, మా మామ కోసం.

మామంటే అమ్మకు తమ్ముడు. తిరుమంగళంలో బస్టాండుకు దగ్గరగా ఆయన ఫొటో స్టూడియో ఉండేది. బోర్డు తమిళంలో, బిల్లు పుస్తకం ఇంగ్లీషులో, మాట తెలుగులో. మా ఇళ్లలో తెలుగు నోటికే కాని చేతికి రాదు. ఈ అక్షరాలు నేను పెళ్లయ్యాక, చిన్నపిల్లల వాచకం పెట్టుకుని నేర్చుకున్నవి. ఫోన్లలో కెమెరాలు వచ్చాక మామ దగ్గరికి బతికున్నవాళ్లు రావడం మానేశారు. చెదలు కొట్టినవీ, చెమ్మకు అంటుకుపోయినవీ పాత ఫొటోలు తెచ్చి, అందులో ఉన్న తాతనో అవ్వనో పటం కట్టించుకోవడానికి తీసి ఇమ్మనేవాళ్లు మాత్రం వచ్చేవారు. మామ వాళ్లను కంప్యూటర్లో బాగుచేసేవాడు. పోయాక తీసిన ఫొటో అయితే కళ్లు మూసి ఉంటాయి కదా, అన్నదమ్ముల కళ్లు తెచ్చి అతికించేవాడు. చొక్కా లేని తాతలకు కోటు తొడిగేవాడు. ఆయన దగ్గర ఉన్నది ఒకే కోటు. చుట్టుపక్కల మూడు నాలుగు ఊళ్లలో గోడల మీద తాతలందరూ ఇప్పటికీ ఆ కోటులోనే ఉంటారు.

ఆయన పాత మానిటర్ వీపు ఉబ్బుగా, పొయ్యంత బరువుగా ఉండేది. ముసలిదై, నీడగా ఉన్న చోటల్లా తారు పూసినట్టు నల్లగా చూపించేది. నేనప్పుడు తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో లేబుళ్లు గీసే పనిలో ఉన్నాను, తెరల సంగతి కొంచెం తెలుసు. కోయంబత్తూరు పీలమేడులో, కాలేజీల వెనక సందులో, విదేశాల్లో వాడేసిన మానిటర్లు ఓడలో తెప్పించి అమ్మే కొట్టు ఒకటి ఉండేది. అక్కడ ఒక మూల, గోడకు ఆనించి, ఈ నిలువు తెర కనిపించింది. ఏదో చలిదేశపు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు చూడడానికి వాడినదని కొట్టతను తమిళంలో చెప్పాడు. రంగులు రావు కాబట్టి ఎవరూ కొనడం లేదన్నాడు, గ్యారంటీ లేదన్నాడు, తిరిగి తీసుకోనన్నాడు, అంత తక్కువకు ఇస్తున్నందుకు నేనే ఆయన్ను మెచ్చుకోవాలన్నట్టు చూశాడు. మామ చేసే ఫొటోలన్నీ నలుపు తెలుపువే. పైగా ఎక్స్‌రే తెర మామూలు తెరలకూ కాగితానికీ అందని నీడల్ని కూడా విడదీసి చూపిస్తుంది, ఆయనకు ఇంతకంటే మంచిది దొరకదనుకున్నాను. దుప్పటిలో చుట్టి, తిరుమంగళం దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను.

స్టూడియో వెనక రెండు గదుల్లోనే వాళ్ల కాపురం. ఎక్స్‌రేల సంగతి వినగానే అత్త ముఖం చిట్లించింది. ఎంతమంది ఎముకలు చూసిందో ఏమో అంటూ తెర మూలన పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం తిప్పింది. మామకు పట్టలేనంత సంతోషం. తెర ఎట్లా ఉందో చూద్దామని, డబ్బాలోంచి ఒక పాత నెగటివ్ తీసి కంప్యూటర్లోకి ఎక్కించాడు. అత్త వయసులో ఉన్నప్పుడు మామే తీసిన ఫొటో అది. మిట్టమధ్యాహ్నం ఎండలో, వీధి వాకిట్లో, కొత్త చీర కట్టుకుని గడప మీద నిలబడి ఉంటుంది. వెనక తెరిచిన తలుపు, లోపలంతా చీకటి. మామ ఆ చీకటిని కాస్త కాస్తగా తేల్చుతూ వచ్చాడు. మొదట దూలం కనిపించింది, తర్వాత గోడకు ఆనించిన చాప. ఆ తర్వాత ఆయన చెయ్యి ఆగిపోయింది.

"తాయీ, నీకేమన్నా అవుపడుతుండాదా?" అన్నాడు నావైపు తిరిగి. మా ఇళ్లలో ఆడపిల్లల్ని తల్లీ అన్నట్టు తాయీ అంటారు.

ఏం చూడాలో ఆయన చెప్పలేదు. అయినా కనిపించింది. అత్త నడుము వెనక, చీకట్లో, కొంగు పట్టుకున్న చిన్న చెయ్యి. దాని పైన తెల్లగా, మసగ్గా, సగం ముఖం. బిడ్డ ఉంది మామా అన్నాను.

వాళ్లకు ఒక పాప ఉండేదని ఇక్కడ చెప్పాలి. మూడున్నరేళ్లకు, మూడు రోజుల జ్వరంలో పోయింది. నాకప్పుడు ఆరేళ్లు. ఐదేళ్లు నిండకుండా పిల్లలకు ఫొటో తీస్తే ఆయుస్సు తగ్గుతుందని మా అవ్వ, అంటే మామ తల్లి, గట్టిగా నమ్మేది. అందుకని ఊళ్లో అందరి పిల్లలకూ ఫొటోలు తీసిన మామ, తన బిడ్డకు ఒక్కటి కూడా తియ్యలేదు. పాప పోయాక అవ్వ ఆ మాట మళ్లీ ఎత్తలేదు, మామ ఎప్పుడూ నిష్ఠూరమాడలేదు. అత్త మాత్రం ఆ తర్వాత ఏ ఫొటోకూ నిలబడలేదు.

అత్తకు చెప్పవద్దని మామ ఆ రోజు నన్ను అడిగాడు. సరేనని తిరుప్పూరు వచ్చేశాను. నెల దాటాక అత్త ఫోను చేసింది. "మీ మామకి ఏమో అయిపోయింది తాయీ. ఆ ఆసుపత్రి పెట్టె ముందర నించి లేచేదే లేదు. ఒక తడవ వచ్చి చూడు" అంది. వెళితే స్టూడియో తలుపులు సగం మూసి ఉన్నాయి. బాగుచెయ్యమని ఎవరెవరో ఇచ్చిన తాతలు కవర్లలో దుమ్ముపట్టి ఉన్నారు. తెర మీద నిండైన ముఖంతో ఒక పాప ఉంది. కళ్లు, ముక్కు, నుదుట చుక్క, అన్నీ ఉన్నాయి. ముద్దుగా ఉంది. దాన్ని చూస్తూ మామ మాత్రం భయపడిపోయి ఉన్నాడు. రోజుకింత తేల్చుతూ వచ్చాననీ, ఎక్కడిదాకా బిడ్డదో, ఎక్కడినుంచి తాను గీసిందో ఇప్పుడు తెలియడం లేదనీ చెప్పాడు. అందరి ఇళ్లలో పోయినవాళ్లకు కళ్లు పెట్టిన చెయ్యి తన మాట వినకుండా పోయిందన్నాడు. నీకు గుర్తుందా, నువ్వు దాంతో ఆడుకున్నావు కదా అని నన్ను అడిగాడు. నాకు గుర్తున్నది ఆ పిల్ల కాలి గొలుసు చప్పుడూ, తలకు రాసిన ఆముదం వాసనా, అంతే. ముఖం ఉండాల్సిన చోట ఏమీ లేదు. అది నేను ఆ రోజే తెలుసుకున్నాను.

అత్తను మేం పిలవలేదు. ఎప్పుడు వచ్చి మా వెనక నిలబడిందో తెలియదు. చేతిలో రెండు కాఫీ గ్లాసులున్నాయి. వాటిని బల్ల మీద పెట్టి, కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, తెరకు దగ్గరగా వంగి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఇది నా బిడ్డ మొగం కాదు. మీరు గీసిండేది. ముందర ఎట్టుండెనో అట్టే పెట్టండి" అంది.

మామ ఒక్కొక్కటే చెరుపుతూ వచ్చాడు. చుక్క పోయింది, కళ్లు పోయాయి, ముక్కు పోయింది. నెల రోజుల పని అరగంటలో పోయి, మళ్లీ చీకటి, అందులో తెల్లటి మసక, చిన్న చెయ్యి మిగిలాయి. అత్త ఆ చేతి మీద వేలు పెట్టింది.

"ఈ చెయ్యి దానిదే. కొంగు పట్టుకోని ఈడ్చతా ఉండె. పటంలో పడితే ఆయుసు తగ్గుతాదని మీ అమ్మ చెప్పిండె కదా. నేనే దాన్ని ఎనక్కి నెట్టి, కనపడకుండా అడ్డం నిలబడితి."

అంతకాలం ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. బిడ్డ పోయిన తర్వాత, ఎంత నెట్టినా ఫొటోలో పడిపోయిందేమో, అందుకే పోయిందేమో అని ఆ నెగటివ్ వైపు చూడకుండా బతికిందట. ఇప్పుడు పడిందని తెలిసిపోయింది. అదంతా వట్టి మాట, జ్వరంతో పోయింది అన్నాడు మామ. అత్త తల ఊపింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. కాఫీలు చల్లారిపోయాయని వాటిని తీసుకుని లోపలికి వెళ్లింది.

తర్వాత తెలిసింది, రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమే వచ్చి కూర్చుని, తెర వెయ్యమని మామను అడిగేదట. ఇద్దరూ కాసేపు చూసేవారట. మామ దాన్ని మళ్లీ ముట్టుకోలేదు. మామ పోయిన ఏడాదికే తెర కూడా ఆరిపోయింది, బాగుచేసేవాళ్లు దొరకలేదు. కాగితం మీద ఆ ఫొటో వేయిస్తే గడప మీద అత్త, వెనక నలుపు, అంతే కనిపిస్తుంది. అత్త కూడా వెళ్లిపోయి రెండేళ్లయింది. ఆ నలుపులో ఎక్కడ చూడాలో తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే.

ఆ పాపకు ఒకప్పుడు నేను వదినను, తర్వాత తల్లినయ్యే వయసొచ్చింది, ఇప్పుడు అవ్వ వయసు కూడా వచ్చేసింది. కాలం నన్నొక్కదాన్నే చెయ్యి పట్టి లాక్కుపోతూ ఉంది, ఆ పిల్లను అక్కడే, మూడున్నరేళ్ల దగ్గరే వదిలేసి.