కప్పతల్లికి ఒక కప్ప

వడ్డాది దారిలో జీడితోటల వెనక, వానాకాలంలో మాత్రమే నిండే మడుగు ఒకటి ఉండేది. వేసవిలో కప్పలు దాని అడుగు మట్టిలోనే దాక్కుని వాన కోసం కాచుకునేవి. దాన్ని పూడ్చవద్దని మూడేళ్లు ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాను.

"నీటిచుక్క నేదు, దీన్ని మడుగంటారేటి మేస్టారూ?" అని నవ్వి, ఊరి పెద్ద మొన్న వేసవిలో లారీలతో మట్టి తోలించాడు.

ఈ ఏడు వానలు లేవు. రోకలికి కప్పను కట్టి ఇంటింటా నీళ్లు పోయించే కప్పతల్లి ఊరేగింపు తలపెట్టారు. ఊరంతా వెతికినా ఒక్క కప్ప దొరకలేదు. నిన్న ఆ పెద్దమనిషి భార్యే మా గుమ్మంలోకి వచ్చింది.

"కప్పలెక్కడుంటాయో మీకే కదా తెలుసు మేస్టారూ. ఒక్కటి సూపించండి బాబూ."

అరిచే ఓపిక కూడా లేదు నాకు.

"మీ ఆయన తోలించిన మట్టి కిందున్నాయమ్మా. తవ్వుకోండి," అన్నాను.