రెండో వాక్యం దగ్గర దించిన చెయ్యి

చరిత్రకారులు యుద్ధాల తేదీలు రాసుకున్నారు, సంధుల తేదీలు రాసుకున్నారు. మా ఊరి బడిలో మూడో తరగతి టీచరమ్మ, ఉదయపు ప్రతిజ్ఞలో రెండో వాక్యం దగ్గర చాచిన చెయ్యి దించేయడం ఏ రోజున మొదలుపెట్టిందో మాత్రం ఎవరూ రాసుకోలేదు. రెండేళ్లయిందని అటెండరు అంటాడు. గంట కొట్టేది అతనే కాబట్టి కాలం విషయంలో అతని మాటే ప్రమాణం.

ఈ దేశంలో వాళ్లంతా నావాళ్లే అన్నది ఆ రెండో వాక్యం. నాలుగో తరగతి టీచరుతో ఆమెకు మాటల్లేవు. ఉమ్మడి బీరువాలో పై అరలు ఎవరివన్న దగ్గర పుట్టిన తగవు. అంతకుముందు ‘వదినా’ అని పిలుచుకునేవారు, తర్వాత ‘టీచరుగారు’ అయ్యారు. మర్యాద పెరిగినకొద్దీ మాట తగ్గింది. మాటల్లేని మనిషి పదడుగుల దూరంలో నిలబడి ఉండగా, అందరూ నావాళ్లే అనడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ ఒక్క వాక్యం వదిలేసి, మూడోదానికి మళ్లీ చెయ్యి చాచేది.

ఈ ఏడు మూడో తరగతికి వచ్చిన పిల్లలు ఊరుకుంటారా, ఎందుకని అడిగారు. ఆమె దాచలేదు. ప్రతిజ్ఞ అంటే అప్పజెప్పి చేతులు దులుపుకునే పద్యం కాదని, మాట ఇవ్వడమని చెప్పింది. ఇవాళ నిలబెట్టుకోలేని వాక్యం ఇవాళ అనక్కర్లేదు. చెయ్యి దించి, ఆ సంగతేదో చక్కబెట్టుకుని, రేపు అనొచ్చు.

"దేశం ఎక్కడ మొదలవుతుంది టీచర్?" అంది ముందు బెంచీ పిల్ల.

"నీ వెనక బెంచీ నుంచి."

ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది. రోజూ తన జడ లాగేవాడు కూర్చుని ఉన్నాడు. దేశభక్తి ఎంత కష్టమో అప్పుడే అర్థమైనట్టుంది, మర్నాడు తనూ చెయ్యి దించింది.

అక్కణ్ణుంచి మూడో తరగతి అంతా అదే దారి పట్టింది. బడి ఆస్తిని కాపాడతానని మా బడివాళ్లు ప్రతిజ్ఞ చివర కలుపుకున్న వాక్యం దగ్గర, బల్ల మీద పేరు చెక్కినవాడి చెయ్యి దిగేది. వాడే సాయంత్రం గరుకు కాగితం తెచ్చి బల్ల రుద్దాక మళ్లీ లేచేది. పిల్లల చేత ప్రతిజ్ఞ గడగడా చెప్పించిన టీచర్లను చాలామందిని చూశాను. ఎక్కడ ఆగాలో నేర్పింది ఈవిడ ఒక్కతే.

హెడ్మాస్టరు గారికి ఇది కంట్లో నలుసైంది. మిగతా తరగతుల చేతులు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటే, మూడో తరగతివి రైలు సిగ్నళ్లలా లేస్తూ దిగుతూ ఉండేవి. తనిఖీకి ముందురోజు ఆమెను పిలిపించి చెప్పేశారు. రేపు ఇన్‌స్పెక్టరు గారి ముందు ఒక్క చెయ్యి దిగినా ఎల్లుండి నుంచి ఆ తరగతి మరొకరిది, ఆమె స్టోర్‌రూంలో రిజిస్టర్లు చూసుకోవాలి. ఆమెకు సర్వీసు ఇంకా ఏడాదిన్నర ఉంది. దాన్ని పిల్లల మధ్య కాక అట్టపెట్టెల మధ్య గడపాలంటే ప్రాణం ఉసూరుమంది.

తరగతికి వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పింది. చేతులు దించొద్దని మాత్రం అనలేదు.

ఆ మధ్యాహ్నం ఎన్నాళ్లుగానో పరాయి డబ్బాల్లో కాపురముంటున్న రబ్బర్లు సొంత ఇళ్లకు చేరాయి. జడ లాగేవాడు పన్ను పీకించుకుంటున్న మొహంతో క్షమాపణ చెప్పుకున్నాడు. ఆఖరి గంటకు ముందే ఆ నలభై ఒక్క మంది మధ్య శాంతి నెలకొంది.

"మరి మీరో, టీచర్?" అంది ముందు బెంచీ పిల్ల.

ఆమె సుద్దముక్క కింద పెట్టి, నాలుగో తరగతి గుమ్మం దాకా వెళ్లి, "వదినా" అంది.

నోటుబుక్కులు దిద్దుతున్న ఆవిడ తలెత్తలేదు. "తనిఖీ కోసమా?"

"తనిఖీ కోసమైతే ఊరికే చెయ్యెత్తి నిలబడేదాన్ని. దానికి నీతో పనేముంది?"

ఆవిడ ఇంకో రెండు పుస్తకాలు దిద్దింది. "పై అరలు మాత్రం ఇవ్వను."

"నాకు అందవు కూడా. ఈ మోకాళ్లతో స్టూలు ఎక్కలేను."

"ఆ ముక్క రెండేళ్ల కిందటే ఏడవొచ్చుగా," అని ఆవిడ పక్క కుర్చీ మీది పుస్తకాలు తీసేసింది.

మర్నాడు తొమ్మిదింటికి ప్రతిజ్ఞ మొదలైంది. రెండో వాక్యం వచ్చింది, వెళ్లింది. నలభై ఒక్క చిన్న చేతులు, వాటి వెనక సుద్ద అంటిన ఒక పెద్ద చెయ్యి, చివరిదాకా లేచినవి లేచినట్టే ఉన్నాయి. మూడో తరగతి ఆమెకే మిగిలింది.

ఇన్‌స్పెక్టరు గారు పదకొండున్నరకి వచ్చారు.