గానుగ ఆడిన కుక్కపిల్ల

ఆళ్లగడ్డలో ఎక్కిన బస్సు శిరివెళ్ల దాటినాక ఉసూరుమని ఆగిపోయింది. డ్రైవరు బానెట్టు ఎత్తి, లోపల దేవుడెవరైనా కనబడతాడేమోనన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆంధ్ర రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. పేరు మార్చినంత సులువుగా ఇంజను మారదు గదా. మూట భుజాన వేసుకుని నంద్యాల వైపు నడక మొదలుపెట్టాను.

అరమైలు పోయానో లేదో, వెనక నుంచి బండలు మోస్తున్న ఎద్దుల బండి ఒకటి వచ్చింది. బండి వెనక తాడుకు కట్టిన కుక్కపిల్ల. దాని మెడ మీద జానెడు కాడి. నిజం కాడే, తుమ్మకర్రతో చెక్కింది.

నేను చూసిన వింతలు తక్కువేం కాదు. కాశీలో గుర్రానికి కళ్లజోడు పెట్టినవాణ్ణి చూశాను. కుక్కకు కాడి కట్టినవాణ్ణి మాత్రం అదే చూడడం.

"యాడికి పోతాండావ్ పెద్దాయనా?" బండి తోలేవాడు అడిగాడు.

"నంద్యాలకు."

"ఎక్కు. దోవలో మా అక్క ఇంటికాడ గడియసేపు ఆపుతా. ఆపైన నంద్యాలలో దింపుతా."

మూట బండి మీద వేసి ఎక్కాను. అతని పేరు యాకోబు. నలభై దాటి ఉంటాయి. వెలుగోడు, ఆత్మకూరు రైతులు కూడా కోడెలను కాడికి అలవాటు చేయించడానికి తన దగ్గరికే తోలుకొస్తారట. ఈ సంగతి మూడుసార్లు చెప్పాడు. ఏడేండ్లప్పుడు వాళ్ల నాయన తనను పనిలో పెట్టాడనీ, ఆనాటి నుంచి ఒక్కపూట ఆడుకోలేదనీ, పతకం చూపించినట్టు చెప్పాడు. ఆడుకోకపోవడాన్ని ఆస్తిలా దాచుకునే రకం మనుషులు కొందరుంటారు. వాళ్లే బడిపంతుళ్లవుతారు, మామగార్లవుతారు, సందు దొరికితే దేశాలేలుతారు. ఎవడైనా నవ్వుతూ కనబడితే పని ఎగ్గొట్టాడని వీళ్లకు అనుమానం.

"కుక్కకు కాడి ఏందప్పా?"

"మా అక్క లూదియా కోసరం. అమ్మవారు పోసి కండ్లు పోయినాయి. రోడ్డవతల బడిలో పిల్లోల్లకు పాటలు చెప్తాది. ఇన్నాళ్లు మాయమ్మ చెయ్యి పట్టుకొని దాటించేది. అమ్మ సచ్చిపాయ. సోమారం బడి తెరుస్తారు. ఒంటిగా రాగలిగితే రమ్మన్నారు, లేకుంటే ఇంకొకర్ని పెట్టుకుంటారంట."

"అయితే?"

"దొరల దేశంలో కండ్లు లేనోళ్లకు కుక్కలు దోవ చూపిస్తాయని ఆస్పత్రి దొరసాని చెప్పింది. ఈ కుక్కపిల్లను ఇచ్చింది గూడా ఆమే. దినామూ రెండు పూటలా బాగా ఆడించమని చెప్పి వాళ్ల దేశం ఎల్లిపోయింది. ఎనిమిది నెల్లు ఒక్కపూట తప్పకుండా ఆడించినా. ఈ పొద్దే పరీక్ష."

ఆ మాటకు అతని మీద కాస్త మర్యాద కలిగింది. బండి దిగాక ఎంతోసేపు నిలవలేదు ఆ మర్యాద.

లూదియా ఇల్లు రోడ్డు పక్కనే. ఎదురుగా బడి. ఆమె అప్పటికే ఉతికిన చీర కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. యాకోబు తాడు ఆమె చేతికిచ్చి, "ఊ, నడువ్" అన్నాడు. కుక్కపిల్ల తల వంచుకుని నాలుగడుగులు నేరుగా వేసింది. ఆ తర్వాత ఎడమకు తిరిగింది. ఇంకా ఎడమకు. ఆమె చుట్టూ ఒక చుట్టు, రెండు చుట్లు. తాడు కాళ్లకు చుట్టుకుంది. అంతలో గాలికి గంప ఒకటి దొర్లింది. పిల్ల ఉచ్చ పోసుకుని నేలకు కరుచుకుంది.

"దీన్ని ఎట్ల ఆడించినావప్పా?" అని యాకోబును అడిగాను.

"ఎట్లేంది? గుంజ నాటి, కాడి కట్టి, చుట్టూ తిప్పినా. గానుగ ఆడించినట్ల."

దొరసాని తెలుగులో తప్పు లేదు. మనం గానుగనూ ఆడిస్తాం, పిండినీ ఆడిస్తాం, బిడ్డనూ ఆడిస్తాం. ఈ పెద్దమనిషికి మూడోది తట్టలేదు.

"ఆడించమంటే ఆడుకోనియ్యమని," అన్నాను. "గుడ్డ ఉండ విసిరి తెమ్మనాల. ఉరకనియ్యాల, దొర్లనియ్యాల. తోడేలు పిల్లలు గూడా ఒకదాని చెవులొకటి కొరుక్కుంటా వేట నేరుస్తాయంట. ఆడిన పిల్ల గంప దొర్లితే పోయి వాసన చూస్తాది. చెప్పినట్టల్లా తిరిగేది నీ ఎద్దు. మీ అక్కకు కావలసింది, పొమ్మన్నా గుంట చూసి ఆగే కుక్క."

"ఆటలాడే కుక్క పని చేస్తాదా?"

"ఆడని మనిషి చేసిన పని చూస్తాండాం గదా."

లూదియా వంగి తడుముతూ కాడి విప్పింది. మెడ మీద వెంట్రుకలు రాలి కాయ కాసి ఉంది. వేళ్లు అక్కడే కొంచెంసేపు ఆగాయి. నడుమున దోపుకున్న చేతిగుడ్డ తీసి ఉండ చుట్టి విసిరింది. పిల్ల వెనక్కి జరిగింది. ఆమె ఆ ఉండను తడిమి వెదికి తీసుకుని మళ్లీ విసిరింది. మూడోసారికి పిల్ల ముక్కు సాచి వాసన చూసింది. అంతే.

"సోమారానికి నేరుస్తాదా పెద్దాయనా?"

"ఏడాది పడుతుందమ్మా."

ఆమె బడి వైపు మొహం తిప్పింది.

"ఒరే యాకోబూ. ఎనిమిది నెల్లు గానుగ ఆడించినావు. నూనె యాడరా?"

యాకోబు కింద పడిన చిన్న కాడి తీసి, దుమ్ము దులిపి, అటూ ఇటూ తిప్పి చూసుకుని, మంచి పనితనం పాడైపోతుందన్నట్టు బండిలో జాగ్రత్తగా పెట్టుకున్నాడు. ఎక్కి ఎద్దులను అదిలించాడు. నన్ను నంద్యాలలో దింపుతానన్న మాట గాలికి పోయింది. నా మూట బండి మీదే ఉంది. పది బారల దూరం పోయాక అది వచ్చి రోడ్డు మీద పడింది. అతను వెనక్కి తిరగలేదు.