బావ చివరి గిటార్‌కి అద్దం పాలిష్ వద్దు

నిన్న పొద్దున్న స్కూల్‌కి బయల్దేరుతుంటే మండపేట నుంచి అక్క ఫోన్ చేసింది.

"మీ బావ లేవట్లేదే" అంది.

అంతే. ఒక కాలికి చెప్పు వేసుకుని అలాగే మెట్ల మీద కూర్చుండిపోయాను.

మొన్న సాయంత్రమే వీడియో కాల్‌లో నన్ను ఏడిపించిన మనిషి. గుండె ఆపరేషన్ తర్వాత బాగానే కోలుకుంటున్నాడని అందరం అనుకున్నాం.

ఫోన్లు ఎత్తీ ఎత్తీ గొంతు పోయింది. ప్రతి ఒక్కరికీ మొదటినుంచి చెప్పే ఓపిక లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. దయచేసి అక్కకి ఫోన్ చేయకండి.

తెలియనివాళ్ళ కోసం. సూర్యం బావ మా అక్క విజయ భర్త. అన్నదమ్ములిద్దరికీ కలిపి రైస్ మిల్లు ఉంది. మిల్లు వాళ్ళ అన్నయ్య చూసుకుంటారు. మా బావ మిల్లు వెనక రేకుల షెడ్డులో స్పానిష్ గిటార్లు చేస్తాడు.

చేసేవాడు. ఇలా రాయడం ఇంకా అలవాటు కాలేదు.

మొదటి గిటార్ చూసి ఎంత నవ్వుకున్నామో.

మన వైపు ఏది చేయించినా మూడు తరాలు నిలవాలి కదా. మంచమైనా బీరువా అయినా నలుగురు పడితే గాని కదలకూడదు. బావ కూడా అదే లెక్కన మొదలుపెట్టాడు. పాత టేకు చెక్క, తలుపంత మందం. లోపల దూలాల్లాంటి బద్దలు. పైన సోఫాలకి కొట్టే పాలిష్, మొహం కనబడేంత. అందరినీ పిలిచి, కాఫీలు ఇప్పించి, ఇంట్లో వాయించడం వచ్చినదాన్ని నేనే కాబట్టి నా చేతికిచ్చాడు.

వాయించాను. పక్కింట్లో ఎవరో తలుపు కొడుతున్నట్టు వినిపించింది.

"ఎలా ఉంది మరదలా?"

"చాలా గట్టిగా ఉంది బావా. మీదెక్కి ఫ్యాను తుడుచుకోవచ్చు."

గిటార్ నా చేతిలోంచి లాక్కుని షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

కానీ అక్కణ్ణుంచి పట్టిన పట్టు వదల్లేదు. గిటార్‌లో అసలు పాడేది పై చెక్క. తీగ కదిలితే ఆ చెక్క కూడా ఊగాలి. మందంగా ఉంటే ఊగదు, మరీ పల్చనైతే తీగల లాగుడికి ఉబ్బిపోతుంది. అందుకని పైకి తేలికైన స్ప్రూస్ చెక్క కొరియర్‌లో తెప్పించుకునేవాడు. వెనకకీ పక్కలకీ మన పనస. లోపల సన్నటి బద్దలు విసనకర్ర ఈనెల్లా అతికించి, గీకడం, వేలితో తట్టి వినడం, మళ్ళీ గీకడం. అక్క భోజనానికి పిలిస్తే చెక్క చెవి దగ్గర పెట్టుకుని "ఉండవే, వింటున్నా" అనేవాడు.

వానాకాలంలో అతికించే పని ముట్టుకునేవాడు కాదు. ఒకసారి తొందరపడి ముసురులో అతికించిన గిటార్, ఎండలు ముదిరాక నిలువునా చీలింది. ఆ చప్పుడు విని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ ఆయన మొహం గురించి అక్క ఇప్పటికీ చెబుతుంది.

పాలిష్ కూడా అంతే. స్పిరిట్‌లో లక్క కరిగించి, గుడ్డతో పల్చగా, పూత మీద పూత, వారాల తరబడి. "స్ప్రే కొట్టిస్తే ఒక పూటలో అయిపోతుంది కదా బావా" అంటే, "రెయిన్ కోట్ తొడిగి పాడమంటావా దాన్ని?" అనేవాడు.

ఆపరేషన్‌కి ముందు మొదలుపెట్టి, డిశ్చార్జ్ అయ్యాక మెల్లగా పూర్తిచేసిన గిటార్ ఒకటి ఉంది. పాలిష్ ఇంకా వేయలేదు. ముందు సౌండ్ వినాలని మొన్ననే తీగలు కట్టాడు. కొత్త నైలాన్ తీగలు సాగుతూ ఉంటాయి, శ్రుతి నిలవదు.

"ఆదివారం రా. అప్పటికి కుదురుకుంటాయి. నువ్వు వాయించు, నేను ఎదురుగా కూర్చుని వింటా" అన్నాడు ఆ వీడియో కాల్‌లో.

వినకుండానే వెళ్ళిపోయాడు.

నేను మండపేట చేరాక, నిన్న సాయంత్రం అన్నీ అయిపోయాయి. ఇవాళ పొద్దున్న వాళ్ళ అన్నయ్య, పెద్ద బావగారు, ఫర్నిచర్ పాలిష్ అతనికి ఫోన్ చేయబోయారు. పెద్దకార్యం నాటికి ఆ గిటార్ అద్దంలా మెరిపించి ఫోటో పక్కన పెడతారట. తర్వాత మిల్లు ఆఫీసులో ఉంచుతారట.

"వద్దండి బావగారూ. అంత మందం పాలిష్ వేస్తే ఇక అది పలకదండి" అన్నాను.

"వాడి చేతిది ఇదొక్కటే మిగిలిందమ్మా. పాడవకుండా ఉండాలి కదా" అని ఏడ్చేశారు.

మిగతావన్నీ బావ ఎవరెవరికో ఇచ్చేశాడు. ఈయన బాధా నిజమే. పోట్లాడే ఓపిక కూడా లేదు నాకు. సరే, మీ ఇష్టం అనేయబోయాను.

అక్క లేచింది. నిన్నటినుంచి గోడకి ఆనుకుని కూర్చున్న మనిషి. షెడ్డులోకి వెళ్ళి గిటార్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"వాయించు."

"అక్కా, మైల ఇంట్లో..."

"ఆయన వినలేదే. నేనైనా వినాలి."

తీగలన్నీ దిగిపోయి ఉన్నాయి. శ్రుతి చేసి మెల్లగా మీటాను. పెద్ద బావగారు గాభరాగా వెళ్ళి వీధి తలుపు మూశారు. మూసి, అక్కడే నిలబడిపోయారు.

ఎలా ఉందో రాయడం నాకు చేతకాదు. మంద్ర స్థాయి తీగ మీటితే నా పొట్టకి ఆనిన పనస చెక్క వణికింది. మెల్లగా వాయించినా గదంతా వినబడింది.

అక్క అప్పుడు ఏడ్చింది. నిన్నటినుంచి అదే మొదటిసారి.

నేను ఆపేశాను. తలుపు దగ్గరనుంచి పెద్ద బావగారి గొంతు వినిపించింది.

"ఇంకొంచెం వాయించమ్మా."

పాలిష్ అతన్ని పిలవడం లేదు.

బావా, నువ్వు అడుగుతావని చెబుతున్నాను. చాలా బాగుంది. అక్కని మేం చూసుకుంటాం.

ఇక హాయిగా పడుకో. ఎక్కడున్నా నీ మనసుకి ప్రశాంతత దొరకాలి.