పువ్వు రాలడం ఆగేదాకా

ఇప్పపువ్వు తెల్లవారకముందే రాలడం మొదలవుతుంది. ఎండాకు మీద పడితే టప్పుమంటుంది, మట్టి మీద పడితే ఆ చప్పుడు కూడా ఉండదు. గోదావరి అవతల, భోపాల్‌పట్నం దగ్గరి మా ఊళ్లో ఆ నెలంతా ఆడవాళ్లం సగం నిద్రలోనే బతుకుతాం. చెట్టు కింద కునుకు, పొయ్యి ముందు కునుకు, అన్నం ముందు కునుకు. ఊరంతా ఒకటే వాసన, తియ్యగా, కాస్త పులిసినట్టు. ఆ వాసనంటే నాకు ఇష్టం. మా అత్తమ్మకు నాకంటే ఇష్టం, కాకపోతే ఆమె ఏదీ ఇష్టమని ఒప్పుకునే మనిషి కాదు.

మొన్నటి పూల కాలంలో నేను లేచినా నా చేతులు లేవడం మానేశాయి. కళ్లు తెరిచేదాన్ని, గంప ఎక్కడుందో కనబడేది, చెయ్యి చాపితే వేళ్లు ముడుచుకునేవి కావు. కణుపులు ఉబ్బి, చర్మం మెరుస్తూ, ఎవరివో చేతులు తెచ్చి నాకు తగిలించినట్టు ఉండేవి. రెండు చేతులకూ ఒకేలా నొప్పి. తర్వాత మణికట్టు, తర్వాత మోకాళ్లు. చెట్టు కింద గంప ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. పూలు రాలుతుండేవి, ఒళ్లో కూడా పడేవి. ఏరాల్సిన చేతులేమో మోకాళ్ల మీద ఊరికే పడి ఉండేవి. అవతలి చెట్ల కింద దోర్లీలో, గోండీలో ఆడవాళ్ల మాటలు వినబడేవి. ఆ మసక వెలుతురులో మాటల అర్థం పోయి రాగం ఒక్కటే మిగిలేది. నేను మెలకువగా ఉన్నానో లేదో నాకే తెలిసేది కాదు.

అప్పుడు మా అమ్మ కనబడేది. నా చిన్నప్పుడు ఎలా ఉండేదో అలా, తిన్నని వేళ్లతో, వంగి పువ్వు ఏరుకుంటూ. ఆ వేళ్లు నాకు సరిగ్గా గుర్తు కూడా లేవు. నాకు బాగా తెలిసినవి పక్కకు వాలిపోయిన వేళ్లు, గ్లాసు పట్టుకోవాలంటే రెండు అరచేతులూ దగ్గరికి తేవాల్సిన వేళ్లు. అది మంచు చేసిన పని అని మా పుట్టింట్లో అందరి నమ్మకం. చీకట్లో తడి పువ్వు ఏరితే ఆ చల్లదనం ఎముకల్లోకి దిగి వేళ్లను ముడిచేస్తుందట. ఎవరు చెప్పారో తెలియదు, ఊరంతా అదే మాట. అందుకే నేను పువ్వు ఏరడం మొదలుపెట్టిన రోజు నుంచీ వేళ్లకు పాత గుడ్డ పేలికలు చుట్టుకునేదాన్ని. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మా అత్తమ్మ అది చూసి ఊరంతా చెప్పుకుంది.

"మా కోడలు దొరసాని. పువ్వు కుడుతదని చేతులకు బట్టలు తొడుగుతది" అనేది.

అన్నేళ్లు నవ్వులపాలై చుట్టుకున్నాను. చివరికి ఏం బావుకున్నానో తెలియదు. గుడ్డలు గుడ్డల్లాగే ఉన్నాయి, నొప్పి దాని పని అది చేసుకుపోయింది.

అమ్మ చేతులు పడిపోయినప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆశ్రమ బడి హాస్టల్లో ఉండేదాన్ని. ఒక మధ్యాహ్నం నాన్న సైకిల్ మీద వచ్చాడు. కొన్నాళ్లకే, అమ్మకు నయమయ్యేదాకా అన్నాడు. పెట్టె వెనక కట్టి, నన్ను ముందు కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. ఆ కొన్నాళ్లు నా పెళ్లిదాకా సాగాయి. వండేదాన్ని, అమ్మకు తల దువ్వేదాన్ని, అన్నం కలిపి ముద్దలు పెట్టేదాన్ని. తింటున్నంతసేపూ అమ్మ నా ముఖం వైపు చూసేది కాదు. నా మీద కోపమేమో అనుకునేదాన్ని. నాకు మాత్రం అందరి మీదా కోపంగానే ఉండేది. మా నాన్న చెడ్డవాడు కాదు. ఇంట్లో అన్నం వండేవాళ్లు లేరు, కూతురు ఉంది, అంతే.

ఇప్పుడు నాకూ ఒక కూతురు ఉంది. అప్పటికి దంతెవాడ హాస్టల్లో ఉండి పన్నెండో తరగతి చదువుతోంది. సరిగ్గా పూల కాలంలోనే దానికి బోర్డు పరీక్షలు. అందుకే నాకు నొప్పి కంటే భయం ఎక్కువగా ఉండేది. నా చేతులు పడిపోతే ఈ ఇల్లు దాన్ని పిలుస్తుంది. ఎవరూ చెడ్డవాళ్లు కాకుండానే, ఎవరూ గట్టిగా ఒక్క మాట అనకుండానే పిలుస్తుంది. అది కూడా పెట్టె కట్టుకుని వచ్చేస్తుంది, ఎందుకంటే అది మంచి పిల్ల. ఆ మంచితనం చూస్తేనే నాకు వణుకు పుట్టేది.

పెద్ద రోడ్డు మీది సర్కారు ఆసుపత్రిలో డాక్టర్ నా వేళ్లు నొక్కి చూసి, గఠియా కావచ్చు, జాంచ్ చేయించుకోండి అని హిందీలో చెప్పాడు. మా వైపు కీళ్లు ఏం నొప్పెట్టినా గఠియాయే. ఆ పరీక్ష కోసం వరంగల్ వెళ్లాం, నేనూ మా ఆయనా, జీపు ఒకటి, బస్సు ఒకటి మారి. గోదావరి వంతెన మీద నేను నిద్రపోయానట. మా ఆయన లేపలేదు. లేపి ఉంటే నది చూసేదాన్నని దారంతా సాధించాను.

అక్కడ కీళ్ల డాక్టరమ్మ నాకంటే చిన్నది. మెల్లగా మాట్లాడుతుంది.

"పొద్దున లేవగానే చేతులు బిగుసుకుపోతాయా అమ్మా?"

"అవునమ్మా."

"ఎంతసేపు ఉంటుంది?"

"పువ్వు రాలడం ఆగేదాకా" అన్నాను.

ఆమె పెన్ను ఆపి నా వైపు చూసింది. మా ఆయనకు సిగ్గేసినట్టుంది.

"ఇప్పపువ్వు మేడం. మా దిక్కు పొద్దున పూట రాలుతది. ఎండెక్కితే ఆగుతది" అన్నాడు.

"అంటే గంటా? రెండు గంటలా?"

"మబ్బు పట్టిననాడు ఇంక లేటయితది" అన్నాడు మా ఆయన. లెక్క పక్కాగా ఉండాలని ఆయన ఉద్దేశం.

"మబ్బుకు నా చేతులకు ఏం సంబంధం?" అన్నాను.

"చేతులకు కాదే, పువ్వుకు చెప్తున్న."

డాక్టరమ్మ నవ్వాపుకుంటూ, గంట కంటే ఎక్కువేనా అని అడిగింది. ఎక్కువే అన్నాం ఇద్దరం ఒకేసారి. ఆమె నవ్వు పోయింది. వేళ్లన్నీ ఒక్కొక్కటిగా నొక్కి చూసింది, మా ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగింది. అమ్మకు ఉండేదని చెప్పాను. నెత్తురు తీసుకున్నారు. ఒక పరీక్ష బయటికి పంపాలి, వచ్చే వారం రండి, అప్పుడు చెప్తాను అంది. అప్పటిదాకా నొప్పికి బిళ్లలు రాసిచ్చింది.

ఆ వారం నాకు నీళ్ల అడుగున గడిచినట్టు గుర్తుంది. బిళ్ల వేసుకుంటే నొప్పి కొద్దిదూరం జరిగి కూర్చునేది, పోయేది కాదు. మధ్యాహ్నాలు వాకిట్లో ఆరబోసిన పువ్వు పక్కన పడుకునేదాన్ని. పచ్చటి పువ్వు ఎండకు ఎర్రబడి, సాయంత్రానికి ముడతలు పడేది. కళ్లు మూస్తే అమ్మ, తెరిస్తే పువ్వు. ఒకసారి అమ్మతో మాట్లాడాను కూడా. మంచులో ఏరకే, గుడ్డ చుట్టుకో అన్నాను. ఆమె నవ్వి, తన తిన్నని వేళ్లతో నా నుదుటి మీది జుట్టు వెనక్కి తోసింది. లేచేసరికి అత్తమ్మ నా చేతులకు వెచ్చటి ఆముదం రాసి ఆకులు కడుతోంది.

"దీనితోని తగ్గకుంటే నా పేరు మార్చుకుంట" అంది.

తగ్గలేదు. ఆమె పేరూ మార్చుకోలేదు.

తర్వాత ఫోన్ వచ్చింది. మా ఇంట్లో సిగ్నల్ వాకిలి దాటాకే దొరుకుతుంది. గోడ పక్కన నిలబడి, ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాను.

"అమ్మా, నానమ్మ అంతా చెప్పింది" అంది నా కూతురు.

"ఏం చెప్పింది?"

"నీ చేతులు అమ్మమ్మ చేతుల లెక్క అయితున్నయంట గదా. నేను వచ్చేస్తనే. పరీక్షలు వచ్చే ఏడు రాసుకుంట, ఏం కాదు."

ఏం కాదు అన్న ఆ మాట ఎంత తేలిగ్గా అందో.

"ఇంక రిపోర్టే రాలేదు. నువ్వు ఎక్కడికీ రావద్దు. చదువుకో" అని పెట్టేశాను.

ఒళ్లు మండిపోయింది. లోపలికి వెళ్లి అత్తమ్మను పట్టుకున్నాను.

"పిల్లకు ఎందుకు చెప్పినవ్ అత్తమ్మా?"

"అబద్ధం చెప్పిన్నా ఏంది? రేపు నువ్వు చెంబు ఎత్తకుంటే ఎవరెత్తాలె? నా నడుమే నేను లేపుకోలేకపోతున్న."

"అందుకని దాని చదువు ఆపుతవా?"

"ఆపుమని నేనన్ననా? ఇంట్ల సంగతి దానికి తెల్వద్దా అంటున్న."

మా ఆయన బండి గొలుసుకు నూనె వేస్తున్నాడు. తల ఎత్తలేదు. ఆ ఎత్తని తల నాకు బాగా తెలుసు. హాస్టల్‌కు సైకిల్ వేసుకుని రాకముందు మా నాన్న కూడా వాకిట్లో అలాగే కూర్చుని ఉంటాడు.

"రిపోర్టు వచ్చేదాకా ఆ పిల్లకు ఎవ్వరు ఫోన్ చేసినా ఊకోను" అని ఇద్దరికీ వినబడేట్టు చెప్పి, చెట్టు కిందికి పోయి కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం అక్కడ ఎవరూ ఉండరు. బాగా ఏడ్చాను. ఏడ్చాక ఆకలేసి ఇంటికొచ్చాను.

మర్నాడు తెల్లవారుతుండగా అత్తమ్మ నాకంటే ముందే వెళ్లింది. నేను కాళ్లీడ్చుకుంటూ చేరేసరికి చెట్టు కింద తన పాత చీరలు పరిచి, కొసలు గుంజలకు కట్టేసింది. పూలు ఆ చీరల మీద పడుతున్నాయి. ఈసారి అసలు చప్పుడే లేదు. ఇలా వలలు కట్టుకుని పువ్వు పట్టేవాళ్లను ఆమె ఎప్పుడూ వెక్కిరించేది, ఒళ్లు వంగని బద్ధకపోళ్లనేది. నేను ఏమీ అనకముందే ఆమె అందుకుంది.

"ఏం చూస్తున్నవ్? వంగి ఏరేటందుకు నాకు నడుమున్నదా, నీకు చేతులున్నయా?"

ఎండెక్కాక చీర కొసలు ఎత్తి పువ్వంతా గంపలోకి ఒంపింది. నేను మోచేత్తో గంప పట్టుకున్నాను. క్షమించమని ఆమె అడగలేదు. నేనూ ఎదురుచూడలేదు. కానీ ఆ పొద్దు ఆమె పక్కన కూర్చోవడం నాకు హాయిగా అనిపించింది.

వరంగల్‌కు రెండోసారి వెళ్లినప్పుడు వంతెన మీద మెలకువగానే ఉన్నాను. నీళ్లు సన్నబడి, ఇసుక మధ్య అక్కడక్కడ మెరుస్తున్నాయి. నది అంతసేపు కనబడుతున్నా ఒక్క ముక్క తలకెక్కలేదు. లోపల ఒకటే ప్రశ్న తిరుగుతోంది, దాన్ని పిలుస్తారా, పిలవరా.

డాక్టరమ్మ తిన్నగా చెప్పింది. అదే జబ్బు. కీళ్లవాతం. ఒంట్లో కాపలా ఉండాల్సిన శక్తే దారి తప్పి మన కీళ్ల మీద పడుతుందట. మంచు వల్ల కాదు, పువ్వు వల్ల కాదు అంది. ఆ సంగతి నేనే అడిగాను.

"వేళ్లు వంగిపోతాయా అమ్మా?"

"మీరు తొందరగానే వచ్చారు. ఈ బిళ్ల వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ కాదు, బాగా గుర్తుపెట్టుకోండి. మధ్యమధ్య నెత్తురు పరీక్షలకు రావాలి, మానేయకూడదు. ఇలా చేస్తే చాలామందికి వంగకుండా ఆపగలుగుతున్నాం. మీ పనులు మీరే చేసుకుంటారు."

మా ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ శబ్దం విన్నాక గానీ నాకు తెలియలేదు, ఆయనకూ ఇన్నాళ్లు భయంగానే ఉందని. నాకు ఒళ్లంతా తేలికైంది. ఆ తేలికలోనే, ఎందుకు అడిగానో, ఇంకో మాట అడిగాను.

"మా అమ్మకు వంగిపోయినయి. ఈ బిళ్ల కొత్తగా వచ్చిందా?"

డాక్టరమ్మ అమ్మ ఎప్పటి మనిషో కనుక్కుంది. నేను హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన కాలం చెప్పాను.

"అప్పుడూ ఉందమ్మా" అంది మెల్లగా. "మీ దాకా చేరి ఉండదు."

బస్టాండులో నేను ఏడుస్తుంటే మా ఆయనకు ఏమీ అర్థం కాలేదు.

"మంచిమాటనే చెప్పింది గదా" అన్నాడు రెండు మూడుసార్లు. మంచిమాటేనని నేనూ తల ఊపాను. ఏం చేయాలో తోచక ఫోన్ తీసి, కూతురికి కలిపి, నా చెవి దగ్గర పట్టుకున్నాడు.

"అమ్మా, ఏమన్నరు? నేను రావాల్నా?" అంది.

"వద్దు బిడ్డా. నా అన్నం నేనే తింట. నువ్వు పరీక్ష రాసుకో."

అటువైపు అది ఏదో అంటోంది, నవ్వుతోంది కూడా. నాకు వినబడలేదు. నేను అన్న మాటే నా చెవుల్లో ఉంది. మా అమ్మ కూడా నాకు ఆ మాటే చెప్పాలనుకుని, చెప్పలేకపోయి ఉంటుంది. అందుకే తింటున్నంతసేపూ నా ముఖం చూసేది కాదు.