గౌలిపురలో నా ఉపవాసాలు

ఆ రోజుల్లో లోకాన్ని బాగుచెయ్యడానికి ఒక నూలు చీర, భుజాన ఒక గుడ్డసంచి, ముఖాన కాస్త గాంభీర్యం ఉంటే చాలని నా నమ్మకం. సోషల్ వర్క్ కోర్సు చివరి ఏడాదిలో ఫీల్డ్ వర్క్ కోసం నన్ను గౌలిపురలో పాలవాళ్ల గల్లీకి పంపారు. బయల్దేరే ముందు మా మేడం (చాటుగా మేమంతా పెద్దపులి అనేవాళ్లం) ఒక నియమం చెప్పారు: "ఎవరింట్లోనూ మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు." ఫోన్ చెయ్యనిదే చుట్టాలు కూడా గడప తొక్కని ఏ చల్లని దేశంలోనో పుట్టిన నియమం అది. మనలాంటి అభివృద్ధి చెందుతున్న దేశాల శిక్షణకు పనికొస్తుందని ఎవరో మా పాఠ్యపుస్తకంలో ఎక్కించారు. గౌలిపురలో టీ తాగకుండా బయటపడటం ఎలాగో మాత్రం అందులో రాయలేదు.

బడి మానేసిన ఆడపిల్లల తల్లులందరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడటం నా పని. ఆ మీటింగ్ చూడటానికి మేడం స్వయంగా వస్తారు, జనం రాకపోతే నా ఏడాది పోయినట్టే. గల్లీకి పెద్దదిక్కు బర్రెల పెద్దమ్మ. ఆమె మనవరాలు కూడా బడి మానేసి పాలు పోస్తోంది. మొదటిరోజే ఆమె చిక్కటి టీ తెచ్చింది. వద్దంటే చిన్నబుచ్చుకుంటుందని, సోమవారం కదా అని, "ఉపవాసం పెద్దమ్మా" అన్నాను. మంగళవారం ఆంజనేయుడు కాపాడాడు, గురువారం సాయిబాబా, శుక్రవారం లక్ష్మీదేవి, శనివారం వెంకటేశ్వరస్వామి. (బుధవారానికి ఏ దేవుడూ తట్టక కడుపునొప్పి అన్నాను.) నియమం తప్పకుండా నెట్టుకొస్తున్నందుకు నా మీద నాకే గౌరవం పెరిగింది. మీటింగ్‌కు రమ్మంటే మాత్రం ఒక్కరూ పలికేవారు కాదు. "పాలు పిండే యాళ్ల బిడ్డా" అనేవారు.

మేడం వచ్చే రోజు ఆవిడను వెంటబెట్టుకుని వెళ్లాను. చూస్తే పెద్దమ్మ వాకిట్లో ఇసుకవేస్తే రాలనంత మంది ఆడవాళ్లు. పిల్లలు, ముసలివాళ్లు, పక్క గల్లీ వాళ్లు కూడా వచ్చారు. పెద్దపులి కళ్లు మెరిశాయి. నేను గొంతు సవరించుకునేలోపే పెద్దమ్మ లేచింది.

"మేడం, గీ పోరి దినాం ఉపాసముంటున్నది. పెండ్లి కుదుర్తలేదని మొక్కు మొక్కినట్టున్నది. సూడలేక మేమందరం కూసోని మాట్లాడినం."

"మలక్‌పేటల మా మరిది కొడుకున్నడు," అంది ఒకామె. "నాలుగు బర్రెలు, పాల బూత్. పోరడు మస్తు నెమ్మది."

"బర్రెలోడేంది? సదువుకున్న పిల్ల! బేగంబజార్ల స్టీల్ దుకాణం సంబంధం నేను తెస్త," అని ఇంకొకామె.

లొల్లి మొదలైంది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. మేడం కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. అది కోపమో నవ్వో తెలియలేదు. ఇంతలో పెద్దమ్మ ఓ గిన్నె పట్టుకొచ్చింది, మొన్ననే ఈనిన బర్రె పాల జున్ను. "ఫికర్ చెయ్యకు బిడ్డా. ఇది తిని ఉపాసమిడువు."

నేను మేడం వైపు చూశాను. "తిను," అన్నారు పెద్దపులి. "నాక్కూడా కాస్త పెట్టమను."

తిన్నాను. ఆ యాలకుల వాసన, బెల్లం తీపి నోట్లో పడగానే ఎందుకో ఏడుపొచ్చింది. ఏ అర్హతా లేని నాకోసం ఇంతమంది పాలు పిండే వేళ పని మానుకుని వచ్చారు. పెద్దమ్మ నా పక్కన చతికిలబడి, "నీ సంగతైంది. ఇగ నీ మీటింగేందో చెప్పు," అంది. చెప్పాను. బడి తెరిచాక ఆమె మనవరాలు మళ్లీ సంచి తగిలించుకుంది. మేడం నా రిపోర్టులో, "ప్రజలు తామే సమస్యను గుర్తించి, తామే పరిష్కారం వెతికారు," అని రాసి మంచి మార్కులు వేశారు. సమస్య ఎవరో రాయలేదు.

ఆ రెండు సంబంధాలూ కుదరలేదు. వేరే పెళ్లి చేసుకున్నాను, గల్లీ మొత్తం వచ్చి దీవించింది. ఇప్పుడు నేనూ పిల్లలకు ఈ పనే నేర్పుతున్నాను. నన్నేమని పిలుస్తారో నాకు తెలుసు, పులికంటే చిన్న జంతువే. ఏటా కొత్త బ్యాచ్‌ను గౌలిపుర తీసుకెళ్తాను. పెద్దమ్మ లేదు, ఆమె మనవరాలు టీచరమ్మ అయింది, గ్లాసు నిండా టీ పోస్తుంది. డాక్టర్ నన్ను చక్కెర ముట్టొద్దన్నాడు. ఆ ముక్క ఆ గల్లీలో చెప్పే ధైర్యం లేక ఊదుకుంటూ తాగేస్తాను.