సబ్బు డబ్బాలో వాన ముచ్చట

గిటార్‌ మోతను గరగరలాడించే పెడల్‌ను ఇంట్లో నేనే తయారుచేశాను. ప్లాస్టిక్ సబ్బు డబ్బాలో సర్క్యూట్, పైన ఒకే ఒక్క నాబ్. ఇనుప డబ్బా లేకపోతే రేడియో దూరుతుందని తెలిసినవాళ్లు చెప్పినా నేను వినలేదు.

బోథ్‌లో మా అక్క పెళ్లి విందులో గొప్పగా స్టేజీ ఎక్కి పెడల్ తొక్కాను. స్పీకర్లోంచి రేడియో వార్తలు మొదలయ్యాయి! అందరూ గొల్లున నవ్వారు. సిగ్గుతో వైరు పీకబోతుంటే బాపు అరిచాడు.

"ఆగు బిడ్డా! వాన ముచ్చట చెప్తుండు. జర ఆవాజ్ పెంచు!"

నాబ్ తిప్పాను. సాయంత్రం వాన అని వినగానే, తమ వాకిళ్లలో పత్తి ఆరబోసి వచ్చిన చుట్టాలంతా విస్తళ్ల ముందు నుంచి లేచి ఇళ్లకు పరుగెత్తారు. పత్తి దక్కింది. నా పాట వినడానికి వంటవాళ్లే మిగిలారు.

తర్వాత బుద్ధిగా ఇనుప డబ్బా బిగించాను, రేడియో రావడం ఆగిపోయింది. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిది వాన సుత చెప్పదా? మరెందుకే?" అన్నాడు.